ఒక్క ట్యాబ్, 28 మంది పిల్లలు: రాయడం రాని పిల్లల చేత కూడా పాఠం చెప్పించే పద్ధతి

మా మూడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పరిసరాల విజ్ఞానం పరీక్షలో ‘విత్తనం ఎలా మొలకెత్తుతుంది?’ అన్న ప్రశ్న కింద తన పేరులో మొదటి అక్షరం మాత్రం రాసి ఊరుకున్నాడు. సున్నా వేశాను. ఆ సాయంత్రం బడి వెనక పాదుల్లో బెండ గింజలు పెడుతున్నాం. గింజ ఎంత లోతున పెట్టాలో, ఎన్నాళ్లకు మొలక కనిపిస్తుందో, నీళ్లు ఎక్కువైతే ఎలా కుళ్లిపోతుందో వాడే నాకు చెప్పుకుంటూ పోయాడు. విత్తనం గురించి పరీక్ష పెట్టాననుకుని నేను వాడి చేతిరాతకు పరీక్ష పెట్టాను.

ఈ మార్గదర్శి అలాంటి పిల్లల కోసం. రాత రాని పిల్లవాడు బొమ్మ గీసి చెప్పొచ్చు, బొమ్మ గీయలేని అమ్మాయి గొంతు రికార్డు చేసి చెప్పొచ్చు, మాట తడబడేవాడు పాత్రను కదిలించి చూపించొచ్చు. సృజనాత్మక సాఫ్ట్‌వేర్ అంటే ఇక్కడ నా ఉద్దేశం అదే: పిల్లలే ఏదో ఒకటి తయారుచేసే యాప్. వీడియో పాఠాలు, క్విజ్‌లు ఈ లెక్కలోకి రావు. అవి బాగానే ఉంటాయి, కానీ వాటిలో పిల్లవాడి పని చూడటం, నొక్కడం వరకే.

మొదటి అడుగు: ట్యాబ్ తీయకముందు ఒక నోట్‌బుక్

వారం రోజులు ఏ యాప్ జోలికీ వెళ్లకండి. నోట్‌బుక్‌లో ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ పెట్టి రెండే విషయాలు రాయండి. ఈ పిల్లకు బాగా వచ్చేది ఏమిటి? ఎక్కడ ఆగిపోతోంది?

‘స్లో లెర్నర్’, ‘వెనకబడ్డాడు’ అని రాస్తే ఆ పేజీ వృథా. ఆగిపోయే చోటే కచ్చితంగా రాయాలి. ‘నల్లబల్ల మీది చూసి రాయమంటే పక్కవాడి పుస్తకం చూస్తాడు’ అని రాశారనుకోండి, అది చూపు సమస్య కావచ్చు, ముందు కళ్లు పరీక్ష చేయించాలి. ‘నోటితో కథ చెబుతుంది, చదవమంటే వత్తుల దగ్గర ఆగిపోతుంది’, ‘పెన్సిల్ గట్టిగా పట్టుకోలేడు’, ‘ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడి తెలుగు ఇంకా అలవాటు కాలేదు’, ‘ఐదు నిమిషాలకు మించి కూర్చోడు, కానీ చేతికి పని ఇస్తే లేవడు’. ఇలా రాస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం ఎవరికి పనికొస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడం, రాయడం, లెక్కల్లో కనిపించే నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా అందులో ఉన్నాయి. అయినా వైకల్యం పేరు పెట్టడం మన పని కాదు. అనుమానం ఉంటే మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులకు ఆ పేజీ చూపించండి. సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, అడ్డు కనిపించిన రోజు నుంచే దారి మార్చొచ్చు.

రెండో అడుగు: రెండు యాప్‌లు చాలు

స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌కి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఫోన్‌లో మూడు కొత్త యాప్‌లు చేరతాయి. ఒకప్పుడు నేనూ అలాగే ఎక్కించాను. పిల్లలు ప్రతి వారం కొత్త బటన్లు నేర్చుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు రెండే వాడుతున్నాను. రెండూ ఉచితం. ఒకసారి ఎక్కించాక నెట్ లేకుండా పనిచేస్తాయి, పిల్లల పేరుతో అకౌంట్ తెరవక్కర్లేదు.

మొదటిది స్క్రాచ్ జూనియర్. తెర మీది పాత్రలను కదిలిస్తూ, మాట్లాడిస్తూ పిల్లలే కథ తయారుచేసే యాప్. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం, ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు కలిసి చేశారు, 2014లో వచ్చింది. 5 నుంచి 7 ఏళ్ల వారికోసమని చేసినా మన ఐదో తరగతి పిల్లలకూ బాగా సరిపోతుంది. పాత్ర ఏం చేయాలో చెప్పే ముక్కలను ఇందులో బ్లాకులు అంటారు, వాటిని వరసగా అతికిస్తే పాత్ర ఆ పనులు చేస్తుంది. వీటి మీద అక్షరాలు ఉండవు, గుర్తులే ఉంటాయి. నీలం బ్లాకు కదిలిస్తుంది, ఆకుపచ్చది శబ్దం చేస్తుంది, పసుపుది ఎప్పుడు మొదలవ్వాలో చెబుతుంది. తెలుగే సరిగా రాని పిల్లవాడికీ, తెలుగు గడగడా చదివే పిల్లకూ ఇక్కడ మొదలు ఒకే చోట. నాకు ఇది నచ్చడానికి సగం కారణం అదే.

రెండోది టక్స్ పెయింట్. 2002 నుంచీ ఉన్న బొమ్మల సాఫ్ట్‌వేర్. మూలన పడేసిన పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. బ్రష్ కదిలిస్తే చప్పుడు చేస్తుంది, కింద పెంగ్విన్ సలహాలిస్తుంటుంది. రకరకాల బొమ్మల స్టాంపులు కావాలంటే ఆ ప్యాక్‌ను విడిగా దించుకోవాలి. చాలామంది ఇది తెలియక ‘మా దాంట్లో స్టాంపులు లేవు’ అంటుంటారు.

ట్యాబ్ ఉంటే మొదటిది, పాత కంప్యూటర్ ఉంటే రెండోది. రెండూ ఉంటే స్క్రాచ్ జూనియర్‌తో మొదలుపెట్టండి.

మూడో అడుగు: సెట్టింగులు

ఈ అరగంట పని చేయకపోతే తర్వాత రోజూ పదేసి నిమిషాలు పోతాయి.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో సెక్యూరిటీ సెట్టింగుల్లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే పిల్లలు యూట్యూబ్‌లోకి జారిపోకుండా ఒకే యాప్‌లో ఉంటారు. యాక్సెసిబిలిటీ అనే విభాగం కూడా ఒకసారి తెరిచి చూడండి. తెరను పెద్దది చేసి చూపే సదుపాయం, రంగుల తేడా తెలియని వారికోసం రంగుల సవరణ, వేలు ఎంతసేపు ఆనిస్తే నొక్కిపట్టినట్టు లెక్కించాలో మార్చుకునే వీలు అక్కడే ఉంటాయి.

టక్స్ పెయింట్‌కి కాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రాం వేరుగా ఉంటుంది. అందులో మూడు మార్పులు చేస్తాను. క్విట్ బటన్ తీసేస్తాను. ప్రింట్ ఆపేస్తాను. మూడోది అన్నిటికంటే ముఖ్యం: మౌస్ నొక్కిపట్టి లాగక్కర్లేకుండా చేసే ఎంపిక. దాన్ని ఆన్ చేస్తే ఒకసారి నొక్కితే గీత మొదలవుతుంది, మౌస్ జరిపి మళ్లీ నొక్కితే ఆగుతుంది. వేళ్లలో పట్టు తక్కువగా ఉన్న పిల్లవాడు వేలు బిగించి ఉంచే అవసరం లేకుండా గీత గీసుకోగలడు. మౌస్ అసలు పట్టలేకపోతే కీబోర్డుతో బాణాన్ని కదిలించే ఎంపిక కూడా అక్కడే ఉంది.

నాలుగో అడుగు: మొదటి వారం పాఠం వద్దు

ట్యాబ్ ఇచ్చి ఊరుకోండి. స్క్రాచ్ జూనియర్ తెరవగానే కనిపించే పిల్లి పాత్రను లాగుతారు, పెద్దది చేస్తారు, ‘పాప్’ శబ్దం యాభైసార్లు మోగిస్తారు. మోగించనివ్వండి. నేను మొదటి సంవత్సరం మొదటి రోజే పాఠం పెట్టి దెబ్బతిన్నాను. వాళ్ల మనసు పిల్లి మీద, నా మనసు సిలబస్ మీద.

ఈ వారంలో వాళ్లకు చేతనవ్వాల్సినవి ఐదే: పాత్రను చేర్చడం, వద్దనుకున్న దాన్ని నొక్కిపట్టి తీసేయడం, బ్లాకులు అతికించడం, పచ్చ జెండా నొక్కి నడిపించడం, మైక్ గుర్తుతో గొంతు రికార్డు చేయడం. మీరు నేర్పకండి. ఒకరికి తెలిస్తే చాలు, మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టేలోగా తరగతి అంతా పాకుతుంది. ఒక్క పని మాత్రం మీరు చేయండి. చదువులో ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే పిల్లవాడికి గొంతు రికార్డు చేయడం ముందురోజే ఒంటరిగా నేర్పండి. మర్నాడు అందరూ వాడి దగ్గరికే వస్తారు.

ఐదో అడుగు: 28 మందికి ఒక ట్యాబ్ ఎలా సరిపోతుంది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ట్యాబ్ అందరి చేతుల్లో ఒకేసారి ఉండాలనుకుంటే సరిపోదు. తరగతిని నలుగురేసి చొప్పున ఏడు జట్లు చేయండి. ఒక జట్టులో ఒకే రకం పిల్లలు వద్దు. చదవగలిగేవాళ్లు, బొమ్మ వేయగలిగేవాళ్లు, మాటకారి, చేతిపని వచ్చినవాడు కలవాలి.

ట్యాబ్ దగ్గర ఒక జట్టు 15 నిమిషాలు ఉంటే మిగతా ఆరు జట్లు కాగితం మీద అదే పని చేస్తుంటాయి. పాత వాల్‌క్యాలెండర్ అట్టలు కత్తిరించి నీలం, పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో బ్లాకులు చేసుకున్నాం. నేల మీద అట్టబ్లాకులు పేర్చి, ఒకరు పిల్లిలా నడిచి చూపించాకే ట్యాబ్ దగ్గరికి రావాలన్నది మా నియమం. పని సగానికి సగం అక్కడే అయిపోతుంది. పైగా కుదురుగా కూర్చోలేని పిల్లవాడికి పిల్లి వేషం దొరుకుతుంది, వాడికి అంతకంటే ఏం కావాలి!

రోజుకు రెండు జట్లు లెక్కన వారం లోపే అందరి వంతూ వస్తుంది. ట్యాబ్ దగ్గర నలుగురికీ నాలుగు పనులు: వేలు పెట్టేవారు, గొంతు ఇచ్చేవారు, బొమ్మలు చూసుకునేవారు, అట్టబ్లాకులు చూసి తప్పులు చెప్పేవారు. వంతు మారినప్పుడల్లా పని కూడా మారాలి. లేకపోతే చురుకైన పిల్ల ఏడాదంతా వేలు పెడుతూనే ఉంటుంది.

ఆరో అడుగు: ఒక పాఠం, మొదటి నుంచి చివరి దాకా

సున్నా వేసి నేను పాఠం నేర్చుకున్న ఆ విత్తనాన్నే తీసుకుందాం. స్క్రాచ్ జూనియర్‌లో ఒక ప్రాజెక్టుకు నాలుగు పేజీలే ఉంటాయి. ఈ హద్దు నాకు వరంలా అనిపిస్తుంది. నాలుగే ఉన్నాయంటే పిల్లలు ఏది ముఖ్యమో ఎంచుకోవాలి. 

ముందు నిజం విత్తనం. గాజు గ్లాసులో తడి గుడ్డ పెట్టి, అంచుకు కనిపించేలా చిక్కుడు గింజలు పెట్టండి. నానిన రోజు, వేరు బయటికి వచ్చిన రోజు, మొలక నిలబడిన రోజు, ఆకులు విచ్చిన రోజు. ఆ నాలుగే నాలుగు పేజీలు. గింజను చూడకుండా ట్యాబ్‌లో బొమ్మలు వేయిస్తే అది యానిమేషన్ అవుతుంది గానీ సైన్స్ కాదు.

ఇక ట్యాబ్ దగ్గర. ప్లస్ గుర్తు నొక్కి కొత్త ప్రాజెక్టు తెరవండి. పిల్లిని నొక్కిపట్టి తీసేయండి. ఎడమవైపు ప్లస్ నొక్కి కుంచె గుర్తులోకి వెళ్తే ఖాళీ కాగితం వస్తుంది. అక్కడ గింజ ఆకారం గీయాలి. గీయడం కష్టమైన పిల్లకు ఇంకో దారి ఉంది. ఒక గుండ్రం వేసి, కెమెరా గుర్తు ఎంచుకుని ఆ గుండ్రం మధ్యలో నొక్కితే కెమెరా తెరుచుకుంటుంది, గ్లాసులోని గింజ ఫోటో ఆ గుండ్రంలో కూర్చుంటుంది. గీసిన బొమ్మ పక్కన ఫోటో బొమ్మ తక్కువేమీ కాదని తరగతికి ముందే చెప్పండి.

తర్వాత బ్లాకులు. పసుపు రంగు పచ్చజెండా బ్లాకు, దానికి పెద్దది చేసే ఊదా బ్లాకు, దానికి మైక్‌తో రికార్డు చేసిన ఆకుపచ్చ బ్లాకు. కుడివైపు ప్లస్‌తో రెండో పేజీ చేర్చాక, ఎర్ర బ్లాకుల్లో ఆ పేజీ బొమ్మ కనిపిస్తుంది. దాన్ని చివర అతికిస్తే మొదటి పేజీ నుంచి రెండోదానికి దానంతట అదే వెళ్తుంది. ఒక పేజీలోని పాత్రను ఇంకో పేజీ బొమ్మ మీదికి లాగి వదిలితే అక్కడ కూడా వస్తుంది. మళ్లీ గీయక్కర్లేదు.

గొంతు ఇచ్చేటప్పుడు పాఠ్యపుస్తకం వాక్యం చదివించకండి. ‘ఇవాళ గింజ ఉబ్బింది, పొట్ట పగిలింది’ అని మా పిల్ల ఒకతి అంది. పుస్తకంలో ఆ విషయం ‘బీజకవచం చీలుతుంది’ అని ఉంటుంది. రెండూ రికార్డు చేయించాను, ముందు ఆమెది, తర్వాత పుస్తకానిది. కొత్త మాట తెలిసిన మాట పక్కన కూర్చుంటే గుర్తుంటుంది.

ఇంటి భాష వేరైన పిల్లలకు ఈ పద్ధతి ఇంకా బాగా పనికొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యలో కోయ, గోండి, సవర, కొలామి వంటి 8 గిరిజన భాషల పుస్తకాలను తెలుగు లిపిలోనే వేశారు. ఇంటి మాట నుంచి బడి మాటకు మెట్టు కట్టడం అందులో ఆలోచన. అదే పని మైక్‌తో చేయొచ్చు. ఒక పేజీ లంబాడీలో, తర్వాతి పేజీ తెలుగులో. లంబాడీ పేజీ మోగినప్పుడు తెలుగు పిల్లలంతా ‘దాన్ని ఏమంటారు? మళ్లీ చెప్పు’ అని ఆ అమ్మాయి చుట్టూ చేరారు. అంతవరకు ఆమె తరగతిలో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

ఏడో అడుగు: ఒక్కో అడ్డుకు ఒక్కో సర్దుబాటు

మీ నోట్‌బుక్ ఇప్పుడు తెరవండి.

చూపు తక్కువైన పిల్లకు తెల్లటి నేపథ్యం మీద లేత రంగులు పెట్టకండి, ముదురు నేపథ్యం మీద పసుపు బాగా కనిపిస్తుంది. ఒకే తెర మీద రెండు పాత్రలకు మించి వద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగపిల్లలు తరగతిలో ఉంటే ఉండొచ్చు. వాళ్లకు ‘ఎర్ర బ్లాకు’ అనకుండా ‘చివర పెట్టే బ్లాకు’ అనండి. అట్టబ్లాకుల మీద కూడా గుర్తులు వేయండి, రంగు ఒక్కటే చాలదు.

వినికిడి తక్కువైన పిల్లవాడి జట్టులో గొంతు బ్లాకు పక్కన తప్పకుండా కదలిక బ్లాకు ఉండాలి. శబ్దం ఎక్కడుందో అక్కడ పాత్ర ఎగరాలి లేదా పెరగాలి. చెప్పే మాటను బొమ్మగా కూడా పెట్టండి. జట్టు ప్రదర్శన చేసేటప్పుడు అతను మీ ఎదురుగా, ముఖం కనిపించేలా కూర్చోవాలి.

శబ్దాలకు చెవులు మూసుకునే పిల్లలుంటారు, ముఖ్యంగా ఆటిజం ఉన్నవారిలో. వాళ్ల వంతు వచ్చేసరికి వాల్యూం తగ్గించండి, అదే వేళకు, అదే చోట కూర్చోబెట్టండి. ‘ఇంకా రెండు నిమిషాలు’ అని ముందే చెప్పకుండా ట్యాబ్ చేతిలోంచి తీసుకోకండి. ఆ ఒక్క తప్పుకు నేను ఒక మధ్యాహ్నమంతా మూల్యం చెల్లించాను.

నత్తి ఉన్న పిల్లవాడికి రికార్డింగ్‌లో ఒక సుఖం ఉంది: ఎన్నిసార్లయినా చెరిపి మళ్లీ చెప్పొచ్చు, నచ్చిందే తరగతి వింటుంది. గది బయట చెట్టు కింద ఒంటరిగా రికార్డు చేసుకోనివ్వండి.

తొందరగా పని ముగించే పిల్లలను మరచిపోతాం. వాళ్లకు ‘ఇంకో పేజీ చెయ్’ అనడం శిక్షలాంటిది. ఒక పాత్ర ఇంకో పాత్రకు తగిలినప్పుడే మొదలయ్యే పసుపు బ్లాకు, సందేశం పంపే కవర్ బ్లాకు చూపించండి. వాన చినుకు తగిలితేనే గింజ పెరిగేలా చేయమనండి. గంటసేపు మీ జోలికి రారు. పిల్లలకు లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసినవారిలో ఒకరైన సేమూర్ పేపర్ట్ కాలం నుంచీ ఇలాంటి పనిముట్లకు చెప్పే లక్షణం ఇదే: గడప తక్కువ ఎత్తులో, కప్పు చాలా ఎత్తులో ఉండాలి.

ఎనిమిదో అడుగు: లెక్కలకు అదే పిల్లి

కొత్త యాప్ అక్కర్లేదు. స్క్రాచ్ జూనియర్‌లో పైన గళ్ల గుర్తు నొక్కితే తెర మీద అడ్డంగా 1 నుంచి 20 దాకా, నిలువుగా 1 నుంచి 15 దాకా గళ్లు వస్తాయి. అంటే చేతిలో సంఖ్యారేఖ ఉన్నట్టే. పిల్లిని 5వ గడిలో నిలబెట్టి, కుడికి జరిపే నీలం బ్లాకులో 3 పెట్టి, జెండా నొక్కే ముందు ‘ఎక్కడ ఆగుతుంది?’ అని అడగండి. వేలు పెట్టి చూపించనివ్వండి, తర్వాత నొక్కండి. ఎడమవైపు బ్లాకుతో తీసివేత వస్తుంది.

వేళ్ల మీద లెక్కపెట్టే పిల్లలు 5 నుంచి మళ్లీ మొదలుపెట్టి ‘5, 6, 7’ అని మూడు లెక్కించి 7 దగ్గర ఆగుతారు. ఇది చాలా పాత తప్పు. గళ్ల మీద పిల్లి నడిచినప్పుడు, ఉన్న గడిని లెక్కించకూడదని వాళ్లకే తెలుస్తుంది. ఇక 17లో ఉన్న పిల్లిని 6 గళ్లు జరపమనండి. తెర అంచు దాటి ఎడమవైపు నుంచి వచ్చి 3 దగ్గర నిలబడుతుంది. మా తరగతిలో దీని మీద పెద్ద గొడవ జరిగింది. ‘పిల్లి తప్పు చేసింది టీచర్’ అని కొందరు, ‘కాదు, రేఖ అయిపోయింది’ అని కొందరు. నేను జవాబు చెప్పకుండా ఆ గొడవను మర్నాటిదాకా సాగనిచ్చాను.

తొమ్మిదో అడుగు: మార్కులు ఎలా?

బొమ్మ అందంగా ఉందా అని చూడకండి. పాఠంలో మీరు అడిగిన రెండు విషయాలు అందులో ఉన్నాయా? వరస సరిగా ఉందా? ‘ఇది ఎందుకు ఇక్కడ పెట్టావు?’ అని అడిగితే ఏం చెప్పాడు? ఆ జవాబును అదే నోట్‌బుక్‌లో వాడి మాటల్లోనే రాసుకోండి. జట్టు పని కాబట్టి అందరికీ ఒకే మార్కు వేయకండి, ఒక్కొక్కరిని వాళ్ల పేజీ గురించి ఒక్క ప్రశ్న అడగండి.

అంతమాత్రాన రాత వదిలేయమని కాదు. మూడో తరగతి దాటేలోగా అందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం, అది మన మీద ఉంది. ప్రాజెక్టు పూర్తయ్యాక పిల్లవాడు తను రికార్డు చేసిన వాక్యాన్ని మళ్లీ మళ్లీ విని, అందులో ఒక్క మాట పలక మీద రాస్తే చాలు. వచ్చే వారం రెండు. తన మాటనే రాస్తున్నాడు కాబట్టి రాయడానికి కారణం దొరుకుతుంది. బెండ గింజల అబ్బాయి మొదట రాసిన మాట ‘కుళ్లింది’. వత్తున్న మాటతో మొదలుపెడతాడని నేనైతే అనుకోలేదు.

పదో అడుగు: చూపించడం, దాచడం

తల్లిదండ్రుల సమావేశం రోజు ట్యాబ్‌ను గుమ్మం దగ్గర పెట్టండి. వాళ్లకు చదవడం రాకపోయినా బిడ్డ గొంతు వింటారు. వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటే మాత్రం జాగ్రత్త. పిల్లల ముఖం, పూర్తి పేరు కనిపించే ప్రాజెక్టు ఏదీ తల్లిదండ్రులను అడగకుండా పంపకండి. కెమెరాతో తీసే ఫోటోలు గింజలవీ, ఆకులవీ, చేతులవీ అయితే ఈ ఇబ్బంది ఉండదు.

స్క్రాచ్ జూనియర్ ప్రాజెక్టులు ఆ ట్యాబ్‌లోనే, ఆ యాప్‌లోనే ఉంటాయి. స్టోరేజీ నిండిందని ఎవరో ఆ యాప్ తీసేస్తే ఏడాది పని అంతా దానితోపాటే పోతుంది. మాకు ఒక వేసవిలో అలాగే పోయింది. అప్పటినుంచి ఏప్రిల్ రెండో వారంలో ఒక సాయంత్రం కూర్చుని, ఒక్కో ప్రాజెక్టూ నడిపిస్తూ స్క్రీన్ రికార్డింగ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నాను. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు మైక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. నేను మొదటి ఏడు ప్రాజెక్టులూ గొంతుల్లేకుండా తీశాను.